పేరు లేని పండ్లబుట్ట

నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ రోడ్డును విడిచి అద్దంకి రోడ్డు నల్లగొండ వైపు మళ్ళుతుంది. ఎటు పోయేవాళ్ళయినా ఇక్కడ ఒకసారి దిగాల్సిందే. అందుకే మేము కలుసుకోవడానికి కూడా ఇదే అనువైన చోటు. దేవరకొండ, చందంపేట వైపు తండాల నుంచి వచ్చే టీచర్లు కొందరు, చదువు పూర్తిచేసి నౌకరీ కోసం చూస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కొందరు. వీలు దొరికినప్పుడు కూర్చుంటాం, చదివింది చెప్పుకుంటాం, రాసింది వినిపించుకుంటాం.

మొన్న అట్లా కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. అమెరికాలో వేలానికి వచ్చిన పాత బొమ్మ. బల్ల మీద ఒక బుట్ట. బుట్ట నిండా ద్రాక్ష, పీచు పండ్లు, పక్కన కోసిపెట్టిన పుచ్చకాయ ముక్క. కింద నాలుగు మాటలు: అమెరికన్ జానపద కళ, నిశ్చల చిత్రం, 19వ శతాబ్దం, చిత్రకారులు ఎవరో తెలియదు. ఆ కింద అమ్ముడైన ధర డాలర్లలో. రూపాయల్లోకి మార్చి చూస్తే మాలో కొత్తగా చేరిన టీచరుకు కొన్ని నెలల జీతం.

ఆస్పత్రి పనిమీద వచ్చి మా దగ్గర కూర్చున్న ఒక దాది కూడా ఆ బొమ్మ చూసింది. ఫోన్ దగ్గరికి తీసుకొని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకొని చూసింది. గోర్‌బోలిలో ఒకటే మాట అడిగింది: "ఇది ఎవరి చెయ్యి?"

తెలియదట దాదీ అన్నాం.

"చేసినామె ఎవరో తెలియకుండా ఇన్ని పైసలు ఎట్లా పెట్టిండ్రు?" అన్నది.

మేము నవ్వినం. తర్వాత ఆ నవ్వు మాకే బాగా అనిపించలేదు. ఎందుకంటే ఆమె అడిగింది అమాయకపు ప్రశ్న కాదు. కళావిమర్శకులు మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట నడిచింది.

ముందుగా ఆ బొమ్మను గౌరవంగా చూద్దాం. మన కళను ఇతరులు చూడకుండానే తీర్పు చెప్పారని మనం బాధపడతాం కదా, మనం ఆ పని చేయకూడదు.

ఇట్లాంటి పండ్లబుట్టలు అమెరికాలో 1800 నుంచి 1840 దాకా చాలా గీశారు. గీసినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. అప్పటి బాలికల బడుల్లో కుట్టుపనితో పాటు దీన్ని కూడా నేర్పేవాళ్ళు. తెల్లని మఖ్మల్ బట్ట తీసుకుంటారు. నూనె పట్టించిన కాగితం మీద పండు ఆకారం, ఆకు ఆకారం కత్తిరించి అచ్చులు తయారు చేస్తారు. పక్కపక్కన ఉండే రెండు పండ్లు ఒకే అచ్చులో ఉండవు, రంగు కలిసిపోకుండా వేరువేరు అచ్చుల్లో పెడతారు. బిరుసు కుంచెతో రంగు అద్దుతూ అంచు దగ్గర ముదురుగా, నడుమ పలుచగా వదులుతారు. పండు గుండ్రంగా కనిపిస్తుంది. ఈ పద్ధతిని అక్కడ 'థియరమ్' చిత్రకళ అంటారు. చాలా బొమ్మల మీద సంతకం ఉండదు. అది బడి పని. పిల్ల ఇంటికి తెచ్చుకుంది, గోడకు తగిలించుకుంది, పెళ్ళయ్యాక వెంట తీసుకుపోయింది, అంతే.

ఈ బొమ్మల్లో బల్ల ముందుకు వాలినట్టు ఉంటుంది. పండ్లు జారి పడవు. వెలుగు ఎటు నుంచి వస్తుందో తెలియదు. చాలాసార్లు నీడే పడదు. ఆకులన్నీ మనకేసి తిరిగి ఉంటాయి. పెద్ద బడుల్లో చిత్రకళ చదివినవాళ్ళు వీటిని తప్పులంటారు. మెచ్చుకునేవాళ్ళు కూడా 'అమాయకమైన కళ' అంటారు. ఆ మాట మాకు నచ్చదు. ఆ పిల్ల ప్రతి పండునూ పూర్తిగా చూపించాలనుకుంది. ఒక పండు నీడలో మరో పండు మునిగిపోవడం ఆమెకు ఇష్టం లేదు. మన నకాషీ బొమ్మల్లో అందరి ముఖాలూ స్పష్టంగా కనిపించాలి, ఎవరూ ఎవరి వెనకా దాక్కోకూడదు. అదీ ఇట్లాంటి నిర్ణయమే. తెలిసి చేసిన పనిని తెలియనితనం అనడం మెచ్చుకోలు కాదు, చిన్నచూపు.

మరి అవి గీసింది ఎవరో తెలుసుకోవడం సాధ్యం కాదా? సాధ్యమే. వెతికితే.

న్యూయార్క్ రాష్ట్రంలో ఈస్ట్ చాథమ్ అనే పల్లె ఉంది. అక్కడి ఎమ్మా జేన్ కేడీ అనే ఆమె గాజుపాత్రలో పండ్ల బొమ్మలు గీసింది. అందులో ఒకటి ఇప్పుడు న్యూయార్క్‌లోని అమెరికన్ జానపద కళా మ్యూజియంలో ఉంది. గాజు మెరవడానికి ఆమె అభ్రకం పొడి వాడింది. ఆ బొమ్మలు చూసిన నిపుణులు ఇవి 1820 ప్రాంతానివి అని చాలాకాలం అనుకున్నారు. పద్ధతి పాతది కాబట్టి మనిషి కూడా పాతదే అనుకున్నారు. 1970లలో పరిశోధకులు ఆమె ఊరి రికార్డులు తిరగేశారు. ఆమె పుట్టింది 1854లో, చనిపోయింది 1933లో. మ్యూజియంలో ఉన్న బొమ్మ 1895 ప్రాంతానిది. అంటే బొమ్మ వయసు డెబ్బై ఏళ్ళకు పైగా తప్పింది.

ఒక ఊరి రికార్డు చూస్తే తెలిసే విషయం నిపుణులకు అన్నేళ్ళు ఎందుకు తెలియలేదు? బొమ్మనే చూశారు, మనిషిని అడగలేదు. 'జానపదం' అన్న చీటీ అంటించగానే చేసినవాళ్ళకు కాలం ఉండదనీ, ఊరు ఉండదనీ, ఎప్పటి నుంచో అట్లాగే చేస్తున్నారనీ అనుకోవడం ఒక అలవాటు. ఆ అలవాటు మన విషయంలో ఇంకా బలంగా ఉంది. 'అనాదిగా వస్తున్న గిరిజన కళ' అని రాస్తారు. అనాదిగా అంటే ఎవరూ చేయలేదని అర్థం వస్తుందని ఆలోచించరు.

ఆ పండ్లబుట్టలు విలువైన వస్తువులుగా మారింది కూడా ఒక చరిత్రే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి పాత సామాన్ల వ్యాపారులు పల్లె ఇళ్ళ నుంచి వాటిని పోగుచేశారు. డబ్బున్నవాళ్ళు కొన్నారు. 1932లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో హోల్గర్ కేహిల్ అనే ఆయన అమెరికా జానపద కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టాడు. సామాన్య మనిషి కళ అని పేరు పెట్టాడు. అందులో ఎక్కువ వస్తువులు రాక్‌ఫెల్లర్ కుటుంబానికి చెందిన ఆబీ ఆల్డ్రిచ్ అనే ఆవిడ సేకరణ నుంచి వచ్చినవి. దేశంలోకెల్లా గొప్ప ధనవంతుల ఇల్లు అది. 1957లో ఆమె పేరుతో విలియమ్స్‌బర్గ్‌లో జానపద కళకు మ్యూజియం వెలిసింది. సేకరించినామె పేరు భవనం మీద ఉంది. గీసినవాళ్ళలో చాలామంది పేర్లు గోడ మీద కూడా లేవు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

తండాలో పండ్లబుట్ట బొమ్మ గీసి గోడకు పెట్టుకున్నవాళ్ళు లేరు. ఎందుకు లేరో ఆలోచిస్తే మన కళ స్వభావం తెలుస్తుంది. గోడకు బొమ్మ పెట్టాలంటే కదలని గోడ ఉండాలి. బల్ల మీద పండ్లు అమర్చి చూడాలంటే ఒక చోట స్థిరపడిన బతుకు ఉండాలి. మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్ళు. వాళ్ళకు అందమైనది ఏదైనా ఒంటి మీద వేసుకునేది కావాలి, తలమీద మోసేది కావాలి, ఎద్దు మీద కట్టేది కావాలి. అందుకే ఫేటియా, కాంచళి, టుక్రీ. అందుకే నీళ్ళబిందె కింద పెట్టుకునే గవ్వల చుట్టకుదురు. అందుకే ఎద్దుకొమ్ములకు, మూపుకు కుట్టిన బట్టలు, పెళ్ళికి ఇచ్చే సంచులు. గవ్వలు, అద్దాలు, పాత నాణేలు వాటి మీద ఉన్నది చూడ్డానికి మాత్రమే కాదు. నడుస్తుంటే అవి కదలాలి, మోగాలి, ఎండలో మెరవాలి.

కర్ణాటకలోని సందూరు లంబాణీల కుట్టుపనిలో 14 రకాల కుట్లు లెక్కపెట్టి పేర్లు రాసిపెట్టారు. ఆ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ తండాల్లో అట్లా లెక్కపెట్టినవాళ్ళను మేము చూడలేదు. కానీ లెక్క లేకపోయినా గుర్తు ఉంది. పెద్దవాళ్ళ ముందు ఒక పాత కాంచళి పెట్టి చూడండి. ఇది ఏ వైపు పని, కన్నెపిల్లదా పెళ్ళయినామెదా, తొందరలో కుట్టిందా తీరికగా కుట్టిందా చెప్తారు. కొన్నిసార్లు ఎవరి చెయ్యో కూడా చెప్తారు. దాది ఆ అమెరికా బొమ్మను చూడగానే అడిగింది అందుకే. ఆమెకు తెలిసిన లోకంలో చెయ్యి లేని పని లేదు.

ఆ పనులన్నీ ఇప్పుడెక్కడున్నాయి?

మాలో చాలామంది ఇళ్ళలో ఒకే కథ. తొంభైలలో స్టీలు సామాన్ల గంప నెత్తిన పెట్టుకొని తండాకు వచ్చేవాళ్ళు. పాత బట్టకు గిన్నె. జరీచీర అయితే పెద్ద గిన్నె. ఒకసారి ఒకతను ఫేటియాలు మాత్రమే అడిగాడు. చిరిగినా పర్లేదన్నాడు. మాలో ఒకరి ఇంట్లో రెండు ఫేటియాలకు, ఒక కాంచళికి ఒక స్టీలు బిందె వచ్చింది. యాడి ఆరోజు సంతోషపడింది. అప్పటికే బడికి, బజారుకు ఆ బట్టలు కట్టుకొని పోతే చూసి నవ్వేవాళ్ళు. కూలికి పోయినచోట 'లంబాడిది' అని వేలు చూపించేవాళ్ళు. ఆ బట్ట ఇంట్లో ఉంటే ఒక సిగ్గు, పోతే ఒక బిందె. ఎవరైనా బిందెనే ఎంచుకుంటారు.

చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంటి అబ్బాయి హైదరాబాద్‌లో ఒక ఖరీదైన దుకాణంలో దిండు గలీబు చూశాడు. నడుమ అతికిన ముక్క కాంచళి ఛాతీభాగం. అద్దాలు అట్లాగే ఉన్నాయి. ధరచీటీ మీద 'పురాతన బంజారా పని' అని రాసి ఉంది. అది మా ఇంటిదే అని వాడు అనలేదు, ఎవరూ అనలేరు. కానీ ఎవరో ఒకరి ఇంటిది. ఒక ఆడమనిషి ఒంటి కొలతకు కుట్టుకున్న బట్టను చతురంగా కత్తిరించి, మీద తల పెట్టుకొని పడుకోవడానికి అమ్ముతున్నారు.

ఇక్కడే మాకు ఆ 'నిశ్చల చిత్రం' అన్న మాట కొత్తగా అర్థమైంది. ఫ్రెంచివాళ్ళు ఈ రకం బొమ్మను 'చచ్చిన ప్రకృతి' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. చెట్టు నుంచి తెంపి, బల్ల మీద పెట్టి, కదలకుండా చూసేది. వేలంపాట, పాతవస్తువుల దుకాణం మన కదిలే వస్తువులకు చేస్తున్నది అదే. నడుము నుంచి తీసి, చట్రంలో బిగించి, గాజు వెనక పెట్టి నిశ్చలం చేస్తాయి. చేర్యాల పటాలకు కూడా ఇదే జరిగింది. గజాలకొద్దీ పొడవున్న పటం కథ చెప్పేవాళ్ళ చేతుల్లో పాటతో పాటు విప్పుకుంటూ పోయేది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది డ్రాయింగ్ రూమ్ గోడకు సరిపోయే ఒక్క ముక్క. కథ పోయింది, పాట పోయింది, ఒక దృశ్యం నిలబడిపోయింది. చేసేవాళ్ళ బతుకు దాని మీదే నడుస్తోంది కాబట్టి వాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఏం పోయిందో చెప్పడం విమర్శ చేయాల్సిన పని.

మాలో కొందరు ఇక్కడ అడ్డుపడ్డారు. వాళ్ళ మాట కూడా రాయాలి.

ఒక చెల్లె అన్నది: "పేరు పేరు అంటున్నారు. మన పని ఒక్కరిదా? నానీ మొదలుపెట్టిన అంచు యాడి పూర్తిచేస్తుంది, అక్క గవ్వలు కుడుతుంది. ఒక్కరి పేరు పెట్టడం బజారుకు కావాలి, మనకు కాదు." ఈ మాటలో నిజం ఉంది. సంతకం అనేది గోడ, బల్ల ఉన్నవాళ్ళ ఆచారం. దాన్ని తెచ్చుకుంటే రేపు ఒక తండాలో ఒకామె పేరు పెరిగి, పక్కన కూర్చొని కుట్టిన నలుగురి పేర్లు పోవచ్చు.

ఒక సారు అన్నాడు: "పేరు వస్తే బాగుపడతామనుకోవద్దు. జన్‌గఢ్ సంగతి చూడండి." జన్‌గఢ్ సింగ్ శ్యామ్ మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ వాడు, పర్ధాన్ గోండు. మన ఆదిలాబాద్‌లో కిక్రీ వాయిస్తూ గోండుల వంశకథలు పాడే పర్ధానుల తెగ అతనిది. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన మనుషులు అతని గోడబొమ్మలు చూసి తీసుకుపోయారు. పేరు వచ్చింది. 1989లో పారిస్ ప్రదర్శన దాకా పోయాడు. అతని దారిలో ఎంతోమంది బొమ్మలు వేస్తున్నారు. కానీ 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ అక్కడే ఉరివేసుకొని చనిపోయాడు. ఇల్లు విడిచి, మాట కలవని చోట, నలభై ఏళ్ళు నిండకుండానే. 2010లో న్యూయార్క్ సోథ్‌బీస్ వేలంలో అతని సాలీడు బొమ్మ 31,250 డాలర్లకు పోయింది. అప్పటికి అతను పోయి తొమ్మిదేళ్ళు. పేరు ఉంది, ధర ఉంది, మనిషి లేడు.

కాబట్టి పేరు ఒక్కటే చాలదు. మేము ఒప్పుకున్నాం. కానీ పేరు లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి.

అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. బానిసలుగా పనిచేసిన నల్లవాళ్ళ వారసులు అక్కడ ఉంటారు. ఆ ఊరి ఆడవాళ్ళు పాత పనిబట్టలతో బొంతలు కుట్టేవాళ్ళు. మన ఇళ్ళలో బొంత కుట్టినట్టే, చలికి. 2002లో ఆ బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వచ్చాయి. అయితే అక్కడ ప్రతి బొంత పక్కన కుట్టినామె పేరు ఉంది. అందుకే 2007లో తమకు రావాల్సింది రాలేదని కొందరు ఆడవాళ్ళు కోర్టుకు పోగలిగారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది. ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అనేది పక్కన పెట్టండి. మేము చూడమనేది ఒకటే. పేరు ఉంది కాబట్టి అడగడానికి నోరు వచ్చింది. 'కుట్టినవాళ్ళు తెలియదు' అని ఉంటే కోర్టులో ఎవరు నిలబడేవాళ్ళు?

మన దేశంలో చట్టం ఏమంటుందో టీచర్లయినా తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలో 53ఎ అనే సెక్షన్ ఉంది. 1994 సవరణతో వచ్చింది. అసలు ప్రతి పది వేల రూపాయలకు మించిన ధరకు మళ్ళీ అమ్ముడైతే, ఆ ధరలో చేసినవాళ్ళకు లేదా వాళ్ళ వారసులకు వాటా అడిగే హక్కు ఇచ్చింది. వాటా పది శాతానికి మించకూడదు. మంచిదే. కానీ దేనికి? ఆ సెక్షన్‌లో రాసినవి పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్, ఇంకా పుస్తక, నాటక, సంగీత రచనల చేతిరాత ప్రతి. సూదిపని మాట అందులో లేదు. కుంచెకు వాటా ఉంది, ఉలికి ఉంది, కలానికి ఉంది, సూదికి లేదు. ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నది సూదే. అంతేకాదు, ఉన్న హక్కు కూడా 'చేసినవాళ్ళు' ఎవరో తెలిస్తేనే పనికొస్తుంది.

ఆస్ట్రేలియాలో ఆదివాసుల అనుభవం నుంచి మనం నేర్చుకోవచ్చు. క్లిఫర్డ్ పాసమ్ జపల్జారీ 1977లో వేసిన పెద్ద చిత్రం మొదట 1,200 డాలర్లకు ఒక బ్యాంకుకు పోయింది. వాళ్ళు క్యాంటీన్ గోడకు పెట్టుకున్నారు. 2007 వేలంలో అదే చిత్రం 24 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు పలికింది. చిత్రకారుడు 2002లోనే పోయాడు. అతని ఇంటివాళ్ళకు ఆ అమ్మకంలో వాటా ఇచ్చే చట్టం అప్పటికి అక్కడ లేదు. తర్వాత 2009లో చట్టం చేశారు. 2010 జూన్ నుంచి మళ్ళీ అమ్ముడైన చిత్రాల మీద ఐదు శాతం చేసినవాళ్ళకు పోవాలి. ఆ చట్టం నేసిన బట్టలను కూడా కళ కింద లెక్కపెట్టింది. మనం అడగదగిన మాట అది.

ఇంకో చట్టం కూడా ఉంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువు. మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. వ్యాపారికి లైసెన్సు ఉండాలి. మన ముత్తవ్వ పెట్టెలో ఉన్న టుక్రీ వయసు ఎంతో ఎవరైనా రాసిపెట్టారా? రాసిపెట్టకపోతే కొనేవాడికి ఎట్లా కావాలంటే అట్లా. దుకాణంలో అమ్మేటప్పుడు అది వందేళ్ళది. సరిహద్దు దాటించేటప్పుడు నిన్నమొన్నటిది.

భౌగోళిక గుర్తింపు సంగతి కూడా చెప్పుకోవాలి. చేర్యాల బొమ్మలకు ఉంది, ఆదిలాబాద్ డోక్రాకు ఉంది. అది ఊరి పేరును కాపాడుతుంది. మా చెల్లె అన్న ఉమ్మడి పనికి అదొక దారి. కానీ అది చేతి పేరు చెప్పదు, పెట్టె నుంచి పోయిన పాతదాన్ని తిరిగి తేదు.

మరి మన చేతిలో ఏముంది? బడి ఉంది. మాలో సగంమంది టీచర్లం. పిల్లలతో ప్రాజెక్టులు చేయించాలని ఏటా చెప్తారు. పిల్లలు ఇంటర్‌నెట్ నుంచి బొమ్మలు అచ్చువేయించి అట్టకు అంటిస్తారు. దాని బదులు ఒక నోట్‌బుక్ ఇద్దాం. ఇంట్లో ఉన్న పాత బట్ట, పాత సంచి, చుట్టకుదురు ఏది ఉంటే దాని ముందు కూర్చొని రాయమందాం. ఎవరెవరు కుట్టారు, అందరి పేర్లు. ఏ తండాలో, ఏ ఏడు, ఏడు తెలియకపోతే ఏ కరువుకు ముందు, ఎవరి పెళ్ళికి. ఏ కుట్టును గోర్‌బోలిలో ఏమంటారు. అద్దాలు ఎక్కడ కొన్నారు. ఎవరు ఎవరికి ఇచ్చారు. ఒక్కరి సంతకం కాదు, అంచు ఎవరిది, గవ్వలు ఎవరివి, అన్నీ. అమ్మాలనుకుంటే అమ్ముకోనీయండి, అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ అవసరం. కానీ అమ్మేముందు ఆ కాగితం ఒక ప్రతి బట్టతో పోవాలి, ఒక ప్రతి బడిలో ఉండాలి.

మన గురించి 2016లో చార్లెట్ క్వాన్, టిమ్ మెక్‌లాఫ్లిన్ బంజారా బట్టల మీద ఇంగ్లిష్‌లో మంచి పుస్తకం తెచ్చారు. తండాలు తిరిగి చూసి రాశారు. వాళ్ళకు కృతజ్ఞతలు. కానీ మన ఇంటి పెట్టెలో ఏముందో తెలుసుకోవడానికి మనం దూరదేశపు పుస్తకం కొనుక్కోవాల్సి రావడం బాగాలేదు. అంతకంటే ముందు మన యాడినే అడగొచ్చు. ఆమె ఉన్నప్పుడే అడగాలి. ఎమ్మా కేడీని ఊరి రికార్డుల్లో వెతకాల్సి వచ్చింది, అక్కడ రికార్డులున్నాయి కాబట్టి దొరికింది. మన తండాల పాత రికార్డు ఈ ముసలివాళ్ళే.

మళ్ళీ దాది దగ్గరికి వద్దాం. ఇదంతా మాట్లాడుకున్నాక మేము ఆమెనే మొదటి పేరుగా రాసుకుందామనుకున్నాం. ఆమె దగ్గర ఇంకా ఒక ఫేటియా ఉందట. దవాళీకి ఒకసారి తీసి ఎండలో వేస్తుందట. నీ పేరు, నీ ఫేటియా ఫోటో పుస్తకంలో వేస్తామని చెప్పాం. ఆమె ఒప్పుకోలేదు. "పుస్తకంలో వద్దు. చదివేటోళ్ళు ఎవరో, ఎందుకు చదువుతారో" అన్నది. మేము బతిమాలలేదు. పేరు రాయాలా వద్దా అనే హక్కు కూడా ఆ చేతిదే. అందుకే ఆమె పేరు ఇక్కడ లేదు.

బస్సు ఎక్కేముందు మనవరాలిని అడిగింది: "నా పేరు తెలుగులో ఎట్లుంటది?" ఆ పిల్ల ఆస్పత్రి చీటీ వెనక పెన్నుతో పెద్దగా రాసి ఇచ్చింది. దాది ఆ అక్షరాల వంపులు వేలుతో రెండుసార్లు తడిమింది. నడుముపట్టీ లోపలివైపు కుట్టుకుంటానన్నది. పైకి కనబడకుండా, ఒంటికి తగిలేవైపు.

రేపు ఆ ఫేటియా ఎక్కడికి పోతుందో మాకు తెలియదు. ఎక్కడికి పోయినా, తిప్పి చూసినవాళ్ళు 'ఎవరో తెలియదు' అని రాయలేరు.